తొలుసూరు బర్రె

ఆదివారం మధ్యాహ్నం సుష్మ ఇంటికొచ్చేసరికి కొట్టంలో దుడ్డె ఒక్కటే అరుస్తోంది. బర్రె లేదు.

తల్లి చెన్నమ్మ గడప మీద కూర్చుని ఉంది. పండుగ చీర ఇంకా మార్చుకోలేదు.

"బర్రేదమ్మా?"

చెన్నమ్మ చెప్పడానికి చాలాసేపు పట్టింది. వింటున్నకొద్దీ సుష్మ చెవులు వేడెక్కాయి.

ఆ రోజు చర్చిలో కోతపండుగ. ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెస్తారు. ఆరాధన అయ్యాక వాకిట్లో వేలం వేస్తారు. వచ్చిన సొమ్ము దేవుడిది. ఈసారి పాస్టర్ నర్సింగ్‌పాల్ మూడు వారాలు ఒకే ప్రసంగం చేశాడు. పంటలో పదోవంతు, పశువుల్లో తొలిచూలు దేవునివి, అవి దాచుకున్నవాడు దేవుణ్ణి దోచుకున్న దొంగ. చెన్నమ్మ భయపడింది. ఆమె బర్రె మొదటిసారి చూలు కట్టింది. సుఖంగా ఈనితే నా తొలుసూరు దేవునికేనని సాక్ష్యం చెప్పేటప్పుడు మైకులో మొక్కుకుంది. తొలిచూలు అనే మాట ఆమెకు నోరు తిరగదు.

కోహీర్ వైపు తొలుసూరు బర్రె అంటే మొదటి ఈత ఈనిన బర్రె. పిల్ల కాదు, తల్లి.

బర్రె ఈని తొమ్మిది రోజులైంది. పుట్టింది దున్నపోతు దుడ్డె. మొక్కు తీర్చడానికి చెన్నమ్మ దాన్ని తోలుకుని బయల్దేరింది. అంత చిన్న దుడ్డె తల్లి లేకుండా అడుగు వెయ్యదు కాబట్టి తల్లిని కూడా వెంట తీసుకెళ్లింది. ఆమె చేసిన తప్పు అదొక్కటే.

సంఘపెద్ద వీరన్న వేలం వేస్తున్నాడు. దుడ్డెను వదిలేసి బర్రె పలుపు పట్టుకున్నాడు. చెన్నమ్మ తొలుసూరు బర్రె, పూటకు అయిదు లీటర్లు అని మైకులో అన్నాడు. పాస్టర్ బామ్మర్ది పదకొండు వేలు అన్నాడు. అయ్యగారి ఇంటివాళ్ల మీద ఎవరు పాడతారు? లక్ష చేసే బర్రె పదకొండు వేలకు పోయింది. దుడ్డెను చెన్నమ్మ చేతిలో పెట్టి, ఇది నువ్వే తీసుకెళ్లమన్నారు.

ఎందుకు నోరు తెరవలేదని సుష్మ నిలదీసింది.

"ఇచ్చిన నోటితోనే ఎట్ల అడుగుత బిడ్డా? శాపం తగుల్తది."

ఇల్లు గడిచేది ఆ పాలతోనే. సుష్మ జహీరాబాద్‌లో పశువుల మందుల షాపులో పనిచేస్తుంది. పాకెట్ పాలు పడితే దుడ్డె పారుకుంటుందని, వారం దాటి బతకడం కష్టమని ఆమెకు తెలుసు. ఉన్నది వారం.

సాయంత్రమే పాస్టర్ ఇంటికి వెళ్లింది. మూడంతస్తులు, గ్రానైట్ మెట్లు, నీడలో తెల్ల కారు. పదేళ్ల కింద ఇదే మనిషి పాత మోపెడ్ మీద వచ్చి వీళ్లింట్లో గటక తాగి వెళ్లేవాడు. ఆమెను సోఫాలో కూర్చోబెట్టి చల్లని నీళ్లిప్పించాడు. గొంతు ఎక్కడా పెంచలేదు. మీ అమ్మ అన్నది తొలుసూరు, వీడియో ఉంది, దేవుని చేతిలో పెట్టినది వెనక్కి అడగకూడదు అన్నాడు. సుష్మ గ్లాసు ముట్టకుండా లేచి వచ్చింది.

సోమవారం షాపుకొక పనివాడు వచ్చాడు. పాలు దించే సూదులు కావాలన్నాడు. చిరాగ్‌పల్లి హైవే పక్కన పాస్టర్ సార్ వాళ్ల షెడ్డు, కొత్త బర్రె దుడ్డె లేక పాలు చేపడం లేదు, తంతోంది అన్నాడు. సుష్మ ఒక్క క్షణం ఆలోచించింది. డాక్టరు చీటీ లేనిదే ఆ సూదులు ఇవ్వరాదని, పొదుగు వాపేమో తానే వచ్చి చూస్తానని చెప్పి అతని బండెక్కింది.

షెడ్డులో పదకొండు బర్రెలు. మెడల మీద సూది గుచ్చిన బొడిపెలు. తమ బర్రె మూలకు నిలబడి గోడవైపు చూస్తోంది.

పనివాడు గొప్పగా ఒక్కొక్కదాన్నీ చూపించాడు. ఇది న్యాల్‌కల్ నాగరాణిది. ఇది ఆ పక్క ఊరి ముసలమ్మది. అన్నీ కోతపండుగలవే, అన్నీ తొలుసూరువే, అన్నీ మగదిక్కు లేని ఇళ్లవే. దుడ్డెలేవని సుష్మ అడిగింది.

"దుడ్డెలు సార్‌కు ఎందుకక్కా? అవి వాపస్ ఇచ్చేస్తరు."

మాట తేడా కాదు. అదొక పద్ధతి.

సుష్మ మూడు రోజులు షాపు నుంచి ఆ బర్రెలు పోగొట్టుకున్న ఆడవాళ్లకు ఫోన్లు చేసింది. రాత్రిళ్లు దుడ్డెకు మందు తాపింది. గురువారానికి అది లేవడం మానేసింది.

శుక్రవారం ఉపవాస కూటం. పట్టపగలు, చర్చి నిండా ఆడవాళ్లు. కెమెరా నడుస్తోంది, ఫోన్లలో లైవ్ పోతోంది. ప్రశ్నలుంటే అడగండని పాస్టర్ అనగానే సుష్మ లేచి వీరన్న చేతిలోని మైకు తీసుకుంది.

"అయ్యగారూ, ఒక్కటి సమజ్ కాలే. తొలిచూలు అంటే ఏంది? తల్లా, పిల్లా?"

నర్సింగ్‌పాల్ నవ్వాడు. మంచి ప్రశ్న అన్నాడు. గర్భంలోంచి మొదట బయటికొచ్చేది తొలిచూలు, తల్లి కాదు పిల్ల అని కెమెరా వైపు తిరిగి వివరించాడు. ఆమెన్ అనమన్నాడు. అందరూ అన్నారు.

"మరి మా అమ్మ పిల్లను తోలుకొస్తే, మీరు తల్లిని ఎందుకు కట్టేసుకున్రు?"

నవ్వు పోయింది. మీ అమ్మ అన్నది వేరే మాట అన్నాడు.

"మీరు చెప్పిన మాటనే మా అమ్మకు నోరు తిరగక గట్ల అన్నది. చిరాగ్‌పల్లిల పదకొండు బర్రెలున్నయి. పదకొండు మంది నోర్లు ఒక్కతీరుగ తప్పినయా?"

మైకు బంద్ చెయ్యమని పాస్టర్ వీరన్నకు సైగ చేశాడు. స్విచ్చు వీరన్న చేతి పక్కనే ఉంది. అతను దానివైపు చూశాడు, తల దించుకున్నాడు. స్విచ్చు ముట్టలేదు.

వెనక వరసలోంచి నాగరాణి లేచింది.

"నాది రెండేండ్ల కింద. దుడ్డె నాలుగో దినం సచ్చింది. నా పాపమే అనుకున్న."

ఇంకొకామె లేచింది. ఇంకొకామె. పాస్టర్ ప్రార్థన మొదలుపెట్టాడు. ఎవరూ కళ్లు మూసుకోలేదు.

అరగంటలో ఆరు ఆటోలు చిరాగ్‌పల్లి షెడ్డు ముందు ఆగాయి. వెనకే తెల్ల కారు. బామ్మర్ది గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో వేలం రసీదు. సుష్మను తోసి, మొక్కింది నువ్వా, నీకేం హక్కు, మొక్కినావిడను అడగమను అన్నాడు.

అందరూ ఆటో వైపు చూశారు. దారిలో ఇంటినుంచి ఎక్కించుకున్న దుడ్డెను ఒడిలో పెట్టుకుని చెన్నమ్మ లోపలే కూర్చుంది. చర్చిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఇక్కడా దిగనంది. సుష్మ బతిమాలలేదు. రసీదు నిజమే, పోలీసులొచ్చినా, మొక్కింది పిల్లనేనన్న మాట అమ్మ నోటినుంచే రావాలి. రాకపోతే బర్రె పోయినట్టే.

అప్పుడు లోపల బర్రె అరిచింది. దుడ్డె తల ఎత్తింది.

చెన్నమ్మ దిగింది. దుడ్డెను ఎత్తుకుని నేరుగా గేటు దగ్గరికి నడిచింది. ఆ మొహం చూసి బామ్మర్ది పక్కకు జరిగాడు. దుడ్డెను పొదుగు దగ్గర నిలబెట్టి, పడిపోకుండా నడుము పట్టుకుంది. బర్రె దాన్ని నాకింది. చేపింది. నాలుగు గుటకలు పడ్డాయో లేదో, బామ్మర్ది వెనక నుంచి వచ్చి దుడ్డెను చెవి పట్టి ఈడ్చాడు. పాలు పేడలో కారాయి.

చెన్నమ్మ చెయ్యి లేచింది. ఆ దెబ్బ గేటు అవతలి వాళ్లకూ వినిపించింది. యాభై ఏళ్లలో ఆమె మనిషిని కొట్టడం అదే మొదటిసారి.

నర్సింగ్‌పాల్ ముందుకొచ్చాడు. ఈసారి గొంతు తియ్యగా లేదు.

"చెన్నమ్మా, ఆ పలుపు ముట్టకు. దేవుని సొత్తు. నీ ఇంటికి శాపం తగుల్తది."

ఆమె పలుపు వదల్లేదు. ముడి విప్పింది.

"తగలనియ్యి అయ్యగారూ. ఆకలికి సచ్చిన దుడ్డెల ఉసురు మీకు తగలకుంటే, నాకు ఇదేం తగుల్తది? నేను మొక్కింది పిల్లను. మాట తప్పను. పాలు మరిచినంక వచ్చి తోలుకపో. కారుల రాకు. ఎన్కట లెక్క మోపెడ్ మీద రా."

పాస్టర్ జనం వైపు చూశాడు. ఎవరైనా ఒకరు తల దించుకుంటారనుకున్నాడు.

బర్రెను ముందు పెట్టుకుని, దుడ్డెను భుజాన వేసుకుని చెన్నమ్మ హైవే ఎక్కింది. షెడ్డులో నాగరాణి అప్పటికే రెండో పలుపు దగ్గర వంగి ఉంది. ముడి బిగుసుకుపోయింది. పళ్లతో లాగింది. రాకపోయేసరికి కొడవలి ఎవరి దగ్గరుందని అడిగింది. అప్పటిదాకా గేటు దగ్గర నిలబడ్డ వీరన్న తెచ్చి ఇచ్చాడు.