వర్షిణి వస్తే తిరిగేది

రోజూ పొద్దున్నే సహస్ర చాయ్ గ్లాసు కిటికీలో పెట్టి, శాండ్ పేపర్ పట్టుకుని, వీడియో గేములాడే తన ఆర్కేడ్ పెట్టె ముందు కూర్చునేది. వరంగల్ నుంచి వచ్చి డిజైన్ చదువు ముగించిన అమ్మాయి. ఢిల్లీ మునిర్కాలోని తన అద్దెగదిలో సగం పెట్టే ఆక్రమించింది. ప్లైవుడ్ కోసింది, స్క్రీన్ బిగించింది, వైర్లు కలిపింది, అన్నీ తనే. స్క్రీన్ కింద మూడు ముఖాల చెక్క దిమ్మె ఉంది. ఒక ముఖం మీద రెండు జాయ్‌స్టిక్‌లు, ఒకదాని మీద స్టీరింగు, ఇంకోదాని మీద అరచేత్తో దొర్లించే బంతి. ఏ ఆట కావాలంటే ఆ ముఖం పైకి వచ్చేలా దిమ్మెను చేత్తో తిప్పుకోవాలి.

సహస్ర రెండు చేతులూ ఆనించి, పళ్ళు బిగబట్టి తిప్పేది. రూమ్మేట్ వర్షిణి వస్తే మాత్రం అది దానంతట అదే తిరిగేది.

వర్షిణిది కాకినాడ. సివిల్స్‌కి చదువుతోంది. తల తుడుచుకుంటూ ఆమె గదిలో అడుగుపెడితే చాలు, దిమ్మె మెత్తగా కదిలేది. మేడ మీద బట్టలు ఆరేయడానికి పోతూ ఇంటి ఓనరు ఆంటీ ఆ చప్పుడు విని, "అచ్ఛా, వర్షిణి ఆ గయీ" అనుకుని మెట్లెక్కేది.

సహస్ర శాండ్ పేపర్‌ని ఇంకాస్త కసిగా రుద్దేది. బేరింగులకు గ్రీజు పూసింది తను. చెక్క పేళ్ళు గుచ్చుకున్నది తన వేళ్ళకి.

అలా ఉండగా గుర్గావ్‌లో గేమింగ్ కేఫ్ నడిపే నిరంజన్, సహస్ర నెట్‌లో పెట్టిన పెట్టె ఫొటోలు చూసి ఫోన్ చేశాడు. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. తెలుగు మాట్లాడతాడు గానీ నోటికి ముందు హిందీయే వస్తుంది.

"బహుత్ బఢియా. లేకిన్ కస్టమర్లు చేత్తో తిప్పరు, మోటార్ లగా దో. శనివారం వచ్చి చూస్తా. నచ్చితే కేఫ్ మొత్తానికి నువ్వే చేసిపెట్టు."

ఈ పని దొరక్కపోతే సహస్ర వరంగల్ వెళ్ళిపోవలసిందే. అయినా వెంటనే తేల్చుకోలేకపోయింది. మోటారు పెడితే బరువు, చప్పుడు. లోపలి వైర్లు మెలిపడతాయి. ఎవరి వేలైనా సందులో పడితే నలిగిపోతుంది.

"మోటారెందుకే? బానే తిరుగుతోందిగా," అంది వర్షిణి పేపర్లోంచి తలెత్తకుండా.

"నీకు తిరుగుతది. చేసింది నేను. నాకెందుకు తిరగదు?"

"నేనేం చేశానే?"

"ఏం చెయ్యవ్. అదే నా మంట!"

ఆ మాటతో తేలిపోయింది. అడిగినవాళ్ళకి కస్టమర్ల కోసమని చెప్పింది గానీ, బటన్ నొక్కితే అందరికీ ఒకేలా తిరగాలన్నదే సహస్ర అసలు కోరిక. మోటారు తెచ్చి, పళ్ళచక్రంతో దిమ్మెకు బిగించింది. ఆ సాయంత్రం వర్షిణి వచ్చి నిలబడినా దిమ్మె కదల్లేదు. వర్షిణి కాసేపు చూసి, "ఠీక్ హై," అని పక్కకి వెళ్ళిపోయింది. సహస్రకి ఆ పూట చాయ్ మరీ రుచిగా అనిపించింది.

ఆ వారమే ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చాయి. వర్షిణి నంబరు లేదు. ఇక రాయను, ఇంటికి పోతానంది. ఉండవే అన్న మాట సహస్ర నోటిదాకా వచ్చింది. దిమ్మె ఇక తన ఒక్కదానిదే అవుతుందన్న ఆశ ఆ మాటని మింగేసింది.

శనివారం నిరంజన్ వచ్చి బటన్ నొక్కాడు. దిమ్మె గుర్రుమంటూ తిరిగి ఆగింది. అతను మురిసిపోయి మళ్ళీ నొక్కుతుండగా, భుజాన బ్యాగుతో వర్షిణి వీడ్కోలు చెప్పడానికి వచ్చింది.

దిమ్మె వణికింది. మోటారు ఒకవైపు, దిమ్మె ఇంకోవైపు లాగుతున్నాయి. పళ్ళచక్రం కీచుమంది, కాలిన వాసన వచ్చింది. వర్షిణిని బయటికి పొమ్మంటే చాలు, మోటారూ మిగులుతుంది, పనీ దొరుకుతుంది. ఆ సంగతి సహస్రకి తెలుసు. వర్షిణికీ తెలుసు.

"నేను వెళ్తున్నాలే," అని ఆమె వెనక్కి అడుగేసింది.

ఆ అడుగు సహస్ర చూడలేకపోయింది. ప్లగ్గు పీకేసి, పళ్ళచక్రం విప్పేసింది. దిమ్మె హాయిగా తిరిగి, జాయ్‌స్టిక్‌లు పైకి తెచ్చి ఆగింది.

"యే కౌన్ హై?" అన్నాడు నిరంజన్.

"మా వర్షిణి. ఈమె వస్తే తిరుగుతది."

నిరంజన్ తలూపాడు. "తో ఫిర్ మోటార్ ఎందుకు? ఈమెనీ కేఫ్‌కి పంపించు. నాకు మేనేజర్ కావాలి."

వర్షిణి బ్యాగు కింద పెట్టింది.

ఇప్పుడిద్దరూ కలిసి మెట్రోలో గుర్గావ్ వెళ్తున్నారు. సహస్ర పెట్టెలు తయారుచేస్తుంది, జనం మాత్రం వర్షిణి ఎక్కడని అడుగుతారు. సహస్రకి ఇంకా మంటే. ఒక మధ్యాహ్నం, కేఫ్ తెరవకముందు అడిగేసింది.

"ఏం మంత్రం ఏస్తవే దానికి?"

"మంత్రమేంటే? నువ్వు ఒక్కసారైనా ఆడదాం రా అంటావేమో అనుకుంటూ వచ్చేదాన్ని. అంతే."

సహస్ర వెనక్కి గుర్తుచేసుకుంది. ఇన్నాళ్ళలో తను ఒక్కసారీ పిలవలేదు.

"రా," అంది కుర్చీ జరిపి.

ఆడారు. సహస్ర ఏ మాత్రం కనికరం లేకుండా వర్షిణిని ఓడించింది. ఓడించి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

"మళ్ళీ," అంది వర్షిణి.