లోపలి అతుకు

టంగ్‌స్టన్ ములుకును రాతిచక్రం మీద పెన్సిల్ మొనలా చెక్కి, వెలుగులో తిప్పి చూసుకున్నాడు హనుమంతరావు. కుడిచేత టార్చి, ఎడమచేత సన్నని స్టీలు కడ్డీ. టిగ్ వెల్డింగుకు రెండు చేతులూ కావాలి, మనసూ కావాలి. పక్కనున్న సతీష్ మిగ్ వెల్డింగు యంత్రానికి ఒక చెయ్యి చాలు. మీట నొక్కితే తీగ తనంత తానే చుట్టలోంచి వచ్చి కరుగుతుంది, షెడ్డంతా రవ్వలు చిమ్ముతుంది, పూట పని గంటలో తెములుతుంది.

"మీది ముగ్గెయ్యడమండి బాబాయ్. నాది కళ్ళాపి చల్లడం," అన్నాడు సతీష్.

"చల్లు చల్లు. చేపల చెరువుల గేట్లకి నీ కళ్ళాపే ఎక్కువ."

తాడేపల్లిగూడెంలోని ఆ షెడ్డులో హనుమంతరావుకు మిగిలినవి పాలట్యాంకులే. మిగ్ రవ్వ ఒక్కటి లోపల అంటుకున్నా దాని పక్కన పాలు నిలిచి పులుస్తాయి. లోపలి అతుకు అరచేతికి తగలనంత నున్నగా ఉండాలి. అలాంటిది, అతను కిందటిసారి అతికిన ట్యాంకు సూదిబెజ్జాలతో తిరిగివచ్చింది. యజమాని గోపీచంద్ కోప్పడలేదు.

"మీ కళ్ళకి పెద్దతనం వచ్చిందండి. ఇప్పుడు చేసే ట్యాంకూ తిరిగొస్తే టిగ్గు తీసేద్దాం. గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను, కాపలాకి కూర్చుందురుగాని."

ఆ మెత్తని మాటే రాత్రంతా గుచ్చింది.

తప్పు కళ్ళది కాదు. ట్యాంకులోకి గాలి తోసే ఫ్యాను, కరిగే లోహాన్ని కప్పివుంచే ఆర్గాన్ వాయువును చెదరగొట్టి బెజ్జాలు పడేలా చేస్తోంది. ఫ్యాను ఆపితే ఆ వాయువే, గాలికన్నా బరువైనది కాబట్టి, రంగూ వాసనా లేకుండా అడుగున నీళ్ళలా నిలుస్తుంది. ఈ సంగతి అతనికి తెలుసు. గాలిగొట్టం ఉన్న మాస్కు కొనమని అడిగీ అడిగీ ఊరుకున్నాడు.

ట్యాంకు గుండ్రని కంతలోంచి పొట్ట ఈడ్చుకుంటూ లోపలికి దిగాడు.

"సతీషూ, ఫ్యాను ఆపు."

"వద్దండి బాబాయ్. ఊపిరాడదండి."

"కొల్లేట్లో పుట్టినోణ్ణిరా. తామరదుంపకి మునిగితే మా అమ్మ ఏడుపు మొదలెట్టాకే తేలేవోణ్ణి. ఊపిరి బిగబట్టడం నాకు కొత్తా? గేటు కాడ కుర్చీ ఇచ్చారని మీ పిన్నికెలా చెప్పనూ? ఆపు."

సతీష్ ఆపి, కంత దగ్గరే కూర్చున్నాడు. అంతలో లారీలోంచి రేకులు దించాలని గోపీచంద్ కేకవేస్తే లేచి వెళ్ళాడు.

లోపల నీలిమంట నిలకడగా వెలిగింది. కడ్డీ తాకినచోటల్లా లోహం కొరమీను పొలుసుల్లా ఒకదానిమీదొకటి ఒదిగింది. ఒక్క బెజ్జం లేదు. మధ్యమధ్య ఊపిరి బిగబట్టి, కంతవైపు తలెత్తి పీల్చుకున్నాడు. జానెడు మిగిలింది. ఈసారి తల ఎత్తలేదు. ఎత్తితే చెయ్యి తప్పుతుంది. తల తేలికయింది. అతుకు కుదిరిన సంతోషమనుకున్నాడు.

సతీష్ తిరిగి వచ్చేసరికి కంతలో వెలుగు లేదు.

"అయిపోయిందాండి బాబాయ్?"

తొంగిచూశాడు. హనుమంతరావు తాను వేసిన అతుకుకే చెంప ఆనించి, ఒత్తిగిలి పడుకున్నట్టున్నాడు.

సతీష్ అరుపులకు అంతా పరుగెత్తుకొచ్చారు. ఆర్గాన్ సిలిండరు కట్టేశారు, ఫ్యాను పెట్టారు, కాళ్ళు పట్టి బయటికి లాగారు. ఆసుపత్రి దాకా సతీష్ అతని చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి దారిలోనే చల్లబడింది.

సాయంత్రం గోపీచంద్ ట్యాంకులోకి బ్యాటరీ లైటు వేసి, అతుకంతా చూశాడు. బెజ్జం దొరకలేదు. చివరి జానెడు మాత్రం తెరుచుకునే ఉంది. దాని మొదట్లో, సగం కరిగిన కడ్డీ లోహంలో గడ్డకట్టి నిటారుగా నిలబడి ఉంది. చెయ్యి పెట్టి లాగినా ఊడి రాలేదు.