నీరు పోయరాని నెలలు

వర్షధారాపరిపుష్టములగు మన్యపర్వతశిఖరంబులపై నింకను నార్ద్రత యాఱకున్న కార్తికమాసారంభంబున, నీహారధవళితంబగు నొక ప్రాతఃకాలంబున, కాఫీతోటల నడుమ నెలకొన్న సుభద్రాయమ్మగారి బంగళా వసారాయందు వ్రేలుచున్న యార్కిడ్డు మొక్క తన కడపటి యాకును రాల్చెను. ఎండిన ములగకాడలవంటి నాలుగు కాడలు మాత్రము మిగిలెను.

ఆ మొక్క యామె యేకపుత్రిక మంజువాణి యడవినుండి స్వహస్తములఁ దెచ్చి నేరేడుమొద్దునకుఁ గట్టినది. శ్రావణమున విషజ్వరపీడితయై యా బాలిక పదునేడవయేఁటనే కాలధర్మము నొందెను. ఫాల్గునమున నీ మొక్క పూచినచో బిడ్డ చేతిపని యొక్కటియైన లోకమున బ్రతికియుండునని తల్లి యాశ.

ఉద్యానకృషియందే తల నెరసిన తోటమాలి పైఁడన్న, వానకాలమున నిత్యము నీరు ద్రాగి కాడలు పెంచు నీ జాతి యాకు రాల్చిన పిమ్మట విశ్రమించుననియు, కణుపులయందు మొగ్గలు బియ్యపుగింజంత యుబ్బువఱకు నీరు తగులరాదనియు, తగిలిన వేళ్లు క్రుళ్లుననియు విన్నవించెను. ఆమె తల యూఁచెను. ఊఁచిననేమి! మఱునాఁడే కార్తికస్నానానంతరము తులసికిఁ బోసి మిగిలిన నీరెల్ల దానికిఁ బోసెను. పైఁడన్న మొద్దును దూలమునకెత్తి కట్టెను; ఆమె పీఁట వేసికొని యెక్కి పోసెను. అతఁడు చెంబు దాఁచెను. ఆమె దోసిలితోఁ బోసెను. ఇంతటి మొండితనమేలయని చదువరులామెను నిందింపవలదు.

ఒకనాఁడు పైఁడన్న యుండఁబట్టలేక చేతులు జోడించెను.

“అమ్మగోరూ, ఇది సావలేదండి, తొంగుంది. ఓ రెండు నెల్లు దాన్ని ఒగ్గేయండి. మీకు దండవెడతాను.”

సుభద్రాయమ్మ కాడలను వ్రేళ్లతో నిమిరెను.

“జ్వరంలో మంచినీళ్లిస్తే ప్రమాదమన్నాడు వైద్యుడు. మూడు రోజులు అడిగింది పైడన్నా. ఒక్క గుక్క ఇవ్వలేదు నేను. మళ్లీ నాచేత అదే పని చేయించకు.”

వైద్యుఁడు చెప్పినది తప్పో యొప్పో పైఁడన్న యెఱుఁగఁడు. తాను చెప్పినది సత్యమని మాత్ర మెఱుఁగును. అయినను నాఁటినుండి చెంబును తానే తోమి యామె చేతికందిచ్చుచుండెను. పాప మంతకన్న నతఁడేమి చేయఁగలఁడు!

మాఘమాసమున నొక యుదయంబున, పైకి మునుపటివలెనే యున్న యొక కాడ మొదలున నతఁడు వ్రేలు మోపఁగా నది మెత్తగా లోనికిఁ బోయి దుర్గంధజలము చిమ్మెను. తక్కిన మూఁడును నట్లే యుండెను. అంతలోఁ జెంబు గైకొని సుభద్రాయమ్మ వచ్చి వెనుక నిలిచెను.

“దాని దాహం తీరిందంటావా?”

పైఁడన్న యామె ముఖమువంకఁ జూడలేకపోయెను.

“తీరిందండి, అమ్మగోరూ.”

బిడ్డ పోయినది మొదలు ఆఱుమాసములుగా నెవరు బ్రతిమాలినను దప్పి తీఱునట్లు నీరు త్రాగని యా తల్లి, చెంబెత్తి గటగట త్రాగెను. త్రాగి పయ్యెదతో మూతి యొత్తుకొని, పూయుట కింక నెలయేకదా యని మురిసికొనుచు లోనికేఁగెను. పైఁడన్న తడివ్రేలు పంచెకుఁ దుడిచికొని యక్కడనే నిలిచియుండెను.