బోర్డు అడుగున కప్ప

యెసేనియా స్నేహితులతో గట్టు దగ్గర నిలబడి చూస్తోంది. లైబ్రరీ మెట్ల కింద ఇద్దరు పోలీసులు కుర్రాళ్ళ చేతుల్లోంచి స్కేట్‌బోర్డులు లాక్కుని తిరగేసి చూస్తున్నారు. వాళ్ళు వెతుకుతున్నది ఒంటికన్ను కప్ప బొమ్మ కోసం.

ఆ కప్ప ఆమెదే. స్కూలు ఎగ్గొట్టి బోర్డెక్కి తిరిగే రోజుల్లో స్నేహితులందరి బోర్డుల అడుగునా గీసింది. ఇప్పుడేమో, లాస్ ఏంజెలెస్ తూర్పు పేటల్లో అద్దెవాళ్ళని రోడ్డున పడేస్తున్న కౌన్సిలర్ నెత్తిన అదే కప్పని కూర్చోబెట్టి, పోస్టర్లు గోడ గోడకీ అంటించింది. పాడు చెయ్యి! ఇంకో బొమ్మ గీయొచ్చు కదా? అలవాటు కొంప ముంచింది.

"కంగారుపడకే," అన్నాడు స్నేహితుడు చుయ్. "అందరం గీకేస్తున్నాంగా."

నిజమే. ఒక్కొక్కరే సిమెంటు గట్టు మీదికి ఎగిరి, బోర్డు అడుగు గట్టుకి రాసుకునేలా అడ్డంగా పెట్టి జారుతున్నారు. జారిన ప్రతిసారీ కప్ప కాళ్ళో, పొట్టో పొట్టుపొట్టుగా రాలిపోతోంది. పోలీసులకది ఆటలాగే కనబడుతోంది. యెసేనియాకి ఏడుపొచ్చింది. ఆమె తొలి బొమ్మలన్నీ ఆమె కోసమే నాశనమైపోతున్నాయి.

స్నేహితుల్లో తావో ఒక్కడే కదల్లేదు. జైలునుంచి షరతుల మీద బయటికొచ్చినవాడు; ఏ చిన్న కేసు తగిలినా మళ్ళీ లోపలికే.

"మతి పోయిందా? జారరా!" అంది యెసేనియా.

"జారను. మా అన్న పోయిన రోజు గీసిచ్చావిది. ఇన్నేళ్ళూ గట్టుకి తగలనిచ్చానా?"

"నీ కాళ్ళు పట్టుకుంటాన్రా!"

"పట్టుకో. అయినా జారను."

అంతలో ఒక పోలీసు ఇటు తిరిగాడు. "ఏయ్, ఆ బోర్డిలా తే."

యెసేనియా దాన్ని తావో చేతిలోంచి లాక్కుంది. "ఇది నాది సార్. బోర్డూ నాదే, కప్పా నాదే."

"గోడల మీదవి?"

ఆమె ఇన్నాళ్ళూ ఒక్క పోస్టరు కిందా పేరు పెట్టలేదు.

"అవీ నావే. రాసుకోండి, యెసేనియా బర్రాగాన్."

చుయ్ నెత్తి కొట్టుకున్నాడు. "ఓసి పిచ్చిమొహమా! మా బోర్డులన్నీ తగలేసుకున్నాకా చెప్పేది?"

ఆమె చేతులు వెనక్కి విరిచి సంకెళ్ళు వేస్తుంటే తావో ముందుకొచ్చి బోర్డు తనదని చెప్పబోయాడు. ఆమె కళ్ళెర్రజేసింది. వాడు నోరు మూసుకున్నాడు గానీ ఏడుపు ఆపుకోలేకపోయాడు.