ఆరున్నర తర్వాతి సంతకాలు

నేను ఒక పొడుగు రిజిస్టర్ని. నాలుగు వందల పేజీలు, ఎర్రగుడ్డ వెన్ను, మచ్చల మచ్చల అట్ట. బరువు ఎంతంటే, ఒకసారి మేనేజరు భద్రం నన్ను తీసి బొద్దింక మీద విసిరాడు. బొద్దింక బతికింది. నా మూల వంగింది.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. పాత పేపర్లూ, పరీక్షల జవాబు పత్రాలూ తొట్టెలో వేసి ఉడకబెట్టి నన్ను చేశారు. అందులో ఎన్ని తప్పిన లెక్కల పేపర్లున్నాయో తెలీదు కానీ, చాలాకాలం నాకు అంకెలంటే వణుకుండేది.

నన్ను మొదట కొన్నది రిటైరైన తాసీల్దారుగారు. ఆత్మకథ రాస్తారట. మొదటి పేజీలో 'నా జీవితం' అని రాసి, కింద రెండు గీతలు గీసి, పదకొండు రోజులు పెన్ను మూత కొరికారు. పన్నెండో రోజు, కాగితం సిరా పీల్చేస్తోందని వంక పెట్టి కాకినాడ మెయిన్ రోడ్డులోని స్టేషనరీ షాపుకి తిప్పి పంపేశారు. షాపువాడు ఆ పేజీ చింపి, నన్ను మళ్లీ కొత్తదానిగా అమ్మాడు. మనుషుల ఆత్మకథలు చాలావరకు అక్కడే ఆగిపోతాయని నాకు అప్పుడు తెలిసింది.

అలా వచ్చి పడ్డాను మూడంతస్తుల బట్టల షాపులో. పేరు చెప్పను. పెళ్లిపట్టుకి పెట్టింది పేరని దాని బోర్డే చెప్పుకుంటుంది, అది చాలు.

ఆ షాపులో పనిచేసేవాళ్లు పొద్దున రాగానే ఫోన్లు గేటు దగ్గర ఇచ్చేయాలి, వెళ్లేటప్పుడు తీసుకోవాలి. ఒకసారి ఒకమ్మాయి ఫోను పోయింది. షావుకారుగారు తొమ్మిది వేలు పెట్టి కొత్తది కొనివ్వాల్సి వచ్చింది. రెండు రోజులు ఆయన అన్నం ముట్టలేదు. మూడోరోజు లేచి, "ఇకమీదట టైమూ సంతకమూ లేకుండా ఒక్క ఫోను కదలడానికి వీల్లేదు. ఎప్పుడిచ్చారు, ఎప్పుడు తీసుకున్నారు, అన్నీ రాయాల్సిందే" అని హుకుం జారీ చేశారు. నా ఉద్యోగం అదే. నన్ను వాచ్‌మాన్ సింహాచలం చేతికిచ్చారు.

సింహాచలం అంతకుముందు ముప్పై ఏళ్లు రైల్వే గేటు దగ్గర పనిచేసినవాడు. ఏ బండి ఎన్నింటికి వెళ్లిందో నిమిషంతో సహా రాయడం ఆయనకి ఊపిరి తీయడంలాంటిది. ఇంకెవరైనా అయితే 'రాత్రి' అని రాసి ఊరుకునేవారు. ఈయన మాత్రం ఫోను చేతిలో పెట్టే ముందు గోడ గడియారం వైపు కళ్లు చికిలించి చూసి, గుండ్రటి అక్షరాలతో 9-38 అని రాసి, "ఆయ్, ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అనేవాడు. ఇంటికి వెళ్లే తొందరలో ఉన్న ఆడవాళ్లు ఆయన్ని లోపల్లోపల తిట్టుకునేవాళ్లు. ఒకరిద్దరు బయటికే తిట్టారు.

నా పక్కన మెట్ల దగ్గర గోడకి ఒక నల్లటి డబ్బా ఉండేది. వేలు పెడితే హాజరు వేసే యంత్రం. దానికి ఆడగొంతు ఉంది. సాయంత్రం ఆరున్నరకి భద్రం చప్పట్లు కొట్టి, "రండి రండి, వేళ్లు పెట్టేయండి" అని అందర్నీ వరసలో నిలబెట్టేవాడు. ఇరవై ముగ్గురూ వేలు పెట్టేవాళ్లు. అది ఇరవై మూడుసార్లు థాంక్యూ చెప్పేది. థాంక్యూ చెప్పించుకున్న ఇరవై ముగ్గురూ వెనక్కి తిరిగి మళ్లీ మేడెక్కేవాళ్లు. కాగితం మీద వాళ్ల పని అయిపోయింది. మేడ మీద మడతలు మొదలయ్యాయి.

పట్టుచీర కొనడానికి ఒకావిడ వస్తే ఆవిడతో పాటు ఆరుగురు వస్తారు. అరవై చీరలు విప్పిస్తారు. ఆఖరికి "మావారితో కలిసి మళ్లీ వస్తాం" అని లేచిపోతారు. ఆ వారు ఎప్పుడూ రారు. విప్పిన చీర విప్పినట్టు ఉంచి ఎవరూ ఇంటికి పోకూడదన్నది షాపు కట్టుబాటు. ఆ మడతలు అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటేది.

వీరవేణిది రెండో అంతస్తు. పదకొండేళ్లుగా పట్టుచీరలే మడుస్తోంది. కళ్లు మూసుకుని పదారు మూరల చీరని జరీ మీద జరీ పడేలా మడిచేస్తుంది. కూతురు మాధురి ఎనిమిదో తరగతి. ఆ పిల్ల రోజూ పక్కింటివాళ్ల టీవీ ముందు కూర్చుని తల్లి కోసం చూసేది. అన్నం తినకుండా అక్కడే నిద్రపోయేది. ఆ సంగతి నాకెలా తెలుసంటే, సంతకం పెడుతూనే వీరవేణి ఫోను చెవికి పెట్టుకుని, "పడుకుందా వదినా? తిందా? తినలేదా?" అని అడిగేది. నా పేజీల మీద ఆవిడ సంతకం రోజూ కొంచెం వంకరగా ఉండేది.

ఇలా ఏడు నెలలు గడిచాక ఒక సోమవారం ఆవిడ ఏడు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. సింహాచలం 9-37 అని రాశాడు. నెలాఖరున సగం రోజు జీతం, రెండు వందలు కోసేశారు.

"ఏడు నిమిషాలకి సగం రోజేంటండీ?" అని అడిగింది.

"రూలమ్మా. క్రమశిక్షణ ఉండొద్దా?" అన్నాడు భద్రం.

"మరి రోజూ రాత్రి మూడు గంటలు ఉంటన్నాం కదండీ. దానికి రూలు లేదా?"

"అది పని కాదమ్మా. సర్దుకోవడం."

మర్నాడు భోజనం టైములో వీరవేణి, మోకాలికి మందు తెచ్చుకుంటానని చెప్పి, నేరుగా లేబరాఫీసుకి వెళ్లింది. ఆ సాయంత్రం ఫోను తీసుకుంటూ సింహాచలంతో అంది:

"తెల్లకాగితం మీద రాసిచ్చాను బాబాయ్. ఎప్పట్నుంచి పనిచేస్తన్నాను, జీతమెంత, ఎన్ని గంటలు. అంతే. స్టాంపేసి ఒకటి నాకిచ్చారు. రోజుకి ఎనిమిది గంటలు దాటితే, దాటినంతకీ రెట్టింపు ఇవ్వాలంది ఆఫీసరమ్మ. ఊరికే నాన్చకూడదంట, దానికి గడువుందంట."

"అమ్మా! ఉద్యోగం ఊడుద్దేమో చూసుకో."

"ఊడితే ఊడుద్ది. కానీ రుజువడుగుతున్నారు. ఆ డబ్బా ఏమో ఆరున్నరంటది."

సింహాచలం నా మీద చెయ్యి వేశాడు. ఆవిడ నా వైపు చూసింది.

"దీనికంటే ముందు గేట్లో సరుకు రాసిన పుస్తకం ఏవైంది బాబాయ్?"

"నిండిపోయాక భద్రంగారు బజ్జీల బండికి తూకానికేసేశారు."

వీరవేణి మళ్లీ నా ఊసెత్తలేదు. ఎత్తి ఉంటే మర్నాటికల్లా నేనూ మిరపకాయ బజ్జీల నూనె పీల్చుకుంటూ ఉండేదాన్ని.

నెల తిరిగేసరికి ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. విచారణ రోజున భద్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, యంత్రం తాలూకు హాజరు పట్టీ పట్టుకుని వెళ్లాడు. నేనప్పటికి షాపులోనే ఉన్నాను. అక్కడ జరిగిన మొదటి భాగం తర్వాత బంట్రోతులు చెప్పుకుంటుంటే విన్నాను.

ఆఫీసరు కరీమున్నీసాగారు. కళ్లజోడు ముక్కు చివరికి జారితే గానీ ఎవర్నీ సరిగా చూడరు. భద్రం పట్టీ చూపించాడు. తొమ్మిది నెలల పాటు ఇరవై ముగ్గురూ సరిగ్గా తొమ్మిదిన్నరకి వచ్చి, సరిగ్గా ఆరున్నరకి వెళ్లారు. ఒక్కరికి ఒక్కరోజు కడుపునొప్పి రాలేదు, ఒక్క ఆటో పంక్చరవలేదు. భద్రం రాత్రంతా కూర్చుని కంప్యూటర్లో అంత శుభ్రంగా తీర్చిదిద్దాడు.

వీరవేణి ఆ కాగితం తీసుకుని చూసింది.

"మేడం, ఆ సోమవారం కూడా నేను తొమ్మిదిన్నరకే వచ్చానని ఉందండి ఇందులో. మరి ఏడు నిమిషాలు లేటని నా రెండు వందలు ఎందుకు కోశారండి?"

ఆఫీసరమ్మ భద్రం వైపు చూశారు. భద్రం తడబడ్డాడు. "లేటొచ్చింది మేడం. ఫోన్ల పుస్తకంలో ఉంది."

"ఏ పుస్తకమండీ? ఉంటే చూపించమనండి. ఊరికే నోటికొచ్చింది చెప్పి డబ్బులు కోసేస్తన్నారు" అంది వీరవేణి, ముక్కు ఎగబీలుస్తూ. ఆవిడ అంత అమాయకంగా ముక్కు ఎగబీల్చడం అంతకుముందు ఎవరూ చూడలేదట.

భద్రానికి పౌరుషం పొడుచుకొచ్చింది. షాపుకి ఫోను కొట్టాడు. అరగంటలో సింహాచలం నన్ను బియ్యం సంచిలో పెట్టుకుని సైకిలు మీద దిగాడు.

భద్రం నన్ను లాక్కుని, వేలికి ఉమ్మి రాసుకుని పేజీలు తిప్పాడు. ఛీ అనుకున్నాను. ఆ పేజీ దొరికింది.

"ఇదిగో మేడం! తొమ్మిదీ ముప్పై ఏడు! పక్కన ఆవిడ సంతకమే!"

"రాత ఎవరిది?"

"మా వాచ్‌మాన్‌ది మేడం. రైల్వేలో చేసొచ్చాడు. నిమిషం తేడా రాదు. కళ్లు మూసుకుని నమ్మొచ్చు."

ఆఫీసరమ్మ కళ్లజోడు ముక్కు చివరికి జారింది. వేలు అదే గీత మీద మెల్లగా కుడివైపుకి జరిపారు.

"మరి ఇక్కడ తొమ్మిదీ నలభై ఒకటి అనుందేంటి?"

పైన ఫ్యాను కిర్రుమంది.

"అది ఫోనండి" అన్నాడు భద్రం. "ఫోను వెళ్లిన టైము. మనిషిది కాదు."

"మనిషి ఆరున్నరకి ఇంటికెళ్లిపోయి, ఫోను ఒక్కటే తొమ్మిదీ నలభై ఒకటికి నడుచుకుంటూ వెళ్లిందా?"

"అంటే..."

"సంతకం కూడా ఫోనే పెట్టిందా?"

బంట్రోతు ఇటు తిరిగి దగ్గాడు. దగ్గు కాదని నాకు తెలుసు. వీరవేణి ముక్కు ఎగబీల్చడం మానేసింది. ఆఫీసరమ్మ నన్ను మూసి, అట్ట మీద ఆఫీసు ముద్ర గుద్ది, తన వైపుకి లాక్కున్నారు. జీవితంలో నా మీద అంత గౌరవంగా ఎవరూ గుద్దలేదు.

తర్వాతి వారం షావుకారుగారే స్వయంగా వచ్చారు. సగం ఇస్తాను, రాజీ పడిపోదామన్నారు.

"ఏవమ్మా వీరవేణీ, నిన్నెప్పుడైనా పనిమనిషిలా చూశామా? ఇంట్లో మనిషిలా చూసుకున్నాం కదా?"

"ఇంట్లో మనిషినైతే తొమ్మిదింటికి మీరు భోజనానికి కూచునేటప్పుడు పిలిచేవారండి."

"సగమంటే తక్కువా?"

"ఆ చీరలు సగం మడిచి వదిలేశానేంటండీ?"

గుమస్తా నన్ను ముందేసుకుని నాలుగు రోజులు కూర్చున్నాడు. ప్రతి పేజీలో వీరవేణి గీత పట్టుకుని నిమిషాలు కూడాడు. తొమ్మిది నెలలకి ఆరు వందల తొంభై ఎనిమిది గంటలు తేలాయి. గంటకి యాభై, రెట్టింపు వంద. అరవై తొమ్మిది వేల ఎనిమిది వందలు. దానికి కోసిన రెండు వందలూ కలిపి డెబ్భై వేలు. నా ఒంట్లో అంత ఉందని నాకే తెలీదు. షావుకారుగారు చెక్కు రాశారు. ఈసారి ఎన్ని రోజులు అన్నం మానేశారో వినలేదు.

ఆమె ఉద్యోగం తీసేయడానికి భయపడి, పై అంతస్తులో లుంగీల కౌంటరుకి మార్చారు. అది శిక్ష. వీరవేణి మాత్రం ఆఫీసుకి వచ్చినప్పుడు బంట్రోతుతో, "లుంగీ మడవడం కూడా ఒక పనేంటి నాన్నా, నాలుగు మడతలు. కొనేవాడు ఒక్కడే వస్తాడు, వాళ్లావిణ్ణి అడిగొస్తాననడు" అని నవ్వింది. ఇప్పుడు ఆరున్నరకి డబ్బా థాంక్యూ చెబితే జనం నిజంగానే గేటు దాటుతున్నారట. మాధురి తల్లితో కలిసి తింటోంది. రోజూ వంకాయేనా అని పేచీ కూడా పెడుతోందట.

నేను మాత్రం ఇక్కడ లేబరాఫీసులో ఇనుప బీరువాలో ఉన్నాను. మిగతా ఇరవై ఇద్దరూ మొదట ఒక్కరూ, తర్వాత ఇద్దరిద్దరూ వచ్చారు. తెల్లకాగితం ఇచ్చి, నన్ను తెరిపించి, తమ సంతకాలు చూసుకున్నారు. ఒకమ్మాయి తన సంతకాన్ని వేలితో తడిమి, "అబ్బ, ఇన్ని రోజులే!" అంది.

అందరి తర్వాత ఒకరోజు వీరవేణి సింహాచలాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. విచారణ జరిగిన మర్నాడే ఆయన్ని పనిలోంచి తీసేశారు. నిమిషం తేడా రాదని మెచ్చుకున్న భద్రమే పొమ్మన్నాడు.

"నాకేం వద్దులేమ్మా" అంటూ ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "నాకు రుజువెక్కడిది? నా దగ్గర ఫోనే లేదు. పుస్తకంలో నా పేరు లేదు."

గుమస్తా నన్ను తిరగేసి తలూపాడు. "నిజమే. ఈయన పేరు ఎక్కడా లేదు."

వీరవేణికి ఒళ్లు మండింది. నన్ను గుమస్తా చేతిలోంచి లాగి, ఆఫీసరమ్మ బల్ల మీద తెరిచి పెట్టింది.

"ఏ పేజీ అయినా తీసుకోండి మేడం. ఆఖరి గీత చూడండి. తొమ్మిదీ యాభై రెండు. ఆ టైముకి ఆ పిల్లకి ఫోను ఎవరిచ్చారండీ, దెయ్యమా? ఇది రాసింది ఎవరండీ?"

ఆఫీసరమ్మ ఒక పేజీ చూశారు, ఇంకోటి చూశారు, మధ్యలో నుంచి ఇంకోటి. అన్నీ ఒకటే గుండ్రటి చేతిరాత. పొద్దున మొదటి అంకె నుంచి రాత్రి ఆఖరి అంకె దాకా.

నేను ఇరవై ముగ్గురి పుస్తకాన్నని తొమ్మిది నెలలు అనుకుంటూ వచ్చాను. ఇరవై నాలుగో మనిషి ప్రతి గీత మీదా ఉన్నాడు. రోజూ నన్ను పట్టుకున్న చెయ్యే అది. నాకే తట్టలేదు.

ఆఫీసరమ్మ కుర్చీ చూపించి, తెల్లకాగితం ముందుకి జరిపారు. "కూర్చోండి. రాయండి."

సింహాచలం కూర్చున్నాడు. ఏం రాయాలన్నట్టు వీరవేణి వైపు చూశాడు.

"నీ పేరు రాయి బాబాయ్" అంది ఆవిడ.