ఎడం పెట్టి వేసిన మాత్రలు

ఇళ్లకు రంగులు వేసేవాడికి భుజం నొప్పి రావడంలో వింతేముంది? రోజంతా చెయ్యి పైకెత్తి పైకప్పుతో కుస్తీ పట్టే ఆ తమ్ముడికి, సాయంత్రానికి చొక్కా విప్పుకోవడం కూడా గగనమయ్యేది. తల్లి పోయాక వాణ్ణి పెంచి పెద్దచేసిన అక్కకు అది చూస్తే కడుపు తరుక్కుపోయేది.

ఆమె మోకాళ్ల నొప్పికి వాడే మాత్రలు ఇంట్లో ఉండనే ఉన్నాయి. తమ్ముడి గుండెలో కృత్రిమ కవాటం ఉందనీ, రక్తం గడ్డకట్టకుండా రోజూ రాత్రి మందు వేసుకుంటాడనీ ఆమెకు తెలియక కాదు. రెండూ కలవకూడదేమోనన్న అనుమానమూ వచ్చింది. అందుకే మహా తెలివిగా, నొప్పి మాత్ర రోజూ పొద్దున్నే వాడికి వేస్తూ వచ్చింది. అవి అయిపోతే మందుల షాపుకి వెళ్లి, ఎప్పటిలాగే తన మోకాళ్లకని చెప్పి తెచ్చింది. ఎవరికోసమో చెప్పి ఉంటే షాపతను ఇచ్చేవాడు కాదు.

నొప్పి తగ్గింది. తమ్ముడు హుషారుగా నిచ్చెనెక్కాడు. విరేచనం తారులా నల్లగా అవుతోందని మాత్రం సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం పనిలోనే నెత్తురు కక్కుకుని కుప్పకూలాడు.

ఇంకేం మందులు వాడాడని ఆసుపత్రిలో డాక్టరమ్మ అక్కను అడిగింది. చెబితే తమ్ముణ్ణి చేతులారా చంపుకున్నట్టు ఒప్పుకోవాలి. చెప్పకపోతే వాడికి వైద్యమెలా చేస్తారు?

"నొప్పి మాత్రలు నేనే ఇచ్చానమ్మా. రెండూ ఒకేసారి వెయ్యలేదు, ఎడంగానే వేశాను" అంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. అందుకే అక్కకు మరీ భయం వేసింది. రక్తం ఆగడానికి ఆ రాత్రి మందుకు విరుగుడు ఇస్తే కవాటం దగ్గర గడ్డ కట్టొచ్చట. ఇవ్వకపోతే కడుపులోనే కారిపోతుందట. బతుకుతాడా అని అడిగితే ఇప్పుడే చెప్పలేనంది.

స్ట్రెచర్ మీద తమ్ముడు కళ్లు తెరిచాడు. "అక్కనేమీ అనకండి. నేనే కొనుక్కున్నాను" అన్నాడు.

ప్రాణం పోతున్నా వాడు తననే కాస్తున్నాడని అక్క గుండెలు బాదుకుంది. లోపలికి తీసుకెళ్తున్న స్ట్రెచర్ వెంట నడుస్తూనే డాక్టరమ్మ ఆమెతో అంది:

"ఎడం పెడితే సరిపోదమ్మా. ఆ రాత్రి మందు రోజంతా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది. ఈ నొప్పి మాత్రలు కడుపులో పుండు చేస్తే ఆ నెత్తురు ఆగదు. పారాసిటమాల్ అయితే చాలావరకు భయం లేదు, అదీ మేం చెప్పినంతే వెయ్యాలి. మనకు పడిన మాత్ర మనవాళ్లకు పడుతుందనుకోకండి. రక్తం పలచబడే మందు వాడేవాళ్లకి, మమ్మల్ని అడక్కుండా ఏ నొప్పి మాత్రా ఇవ్వకండి."