ముగ్గురు అటు, ముగ్గురు ఇటు
అక్క పోయేనాటికి ఆమె కూతురికి మూడేళ్ళు. ఓడలో పనికి వెళ్ళిన బావ పత్తా లేడు. పిల్లను పిన్నే పెంచింది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆమెది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే, "ముందు దీని పాలపళ్ళు ఊడనీయండి" అని నవ్వేసేది. ఆ పళ్ళు ఊడుతున్న ఏడాదే బావ కొత్త భార్యతో తిరిగొచ్చాడు. పిల్ల నాది అన్నాడు. కింది కోర్టు అవునంది.

పిన్ని హైకోర్టుకెక్కింది. అక్కడ ఇలాంటి అప్పీళ్ళు ఏడుగురు జడ్జీలు కలిసి వింటారు. అంతకు నెల ముందే ఒకాయన గుండెపోటుతో పోయాడు. ఆయన చోట ఇంకా ఎవరినీ వేయలేదు. ఆరుగురే విన్నారు.

తీర్పు రోజున గుమస్తా చదివింది ఒక్క వాక్యం. ఆమెకు అర్థం కాలేదు. వరండాలోకి వచ్చాక లాయరుని అడిగింది.

"గెలిచామా, ఓడామా?"

"రెండూ కాదమ్మా. ముగ్గురు అటు, ముగ్గురు ఇటు. సరిసమానమైతే కింది కోర్టు చెప్పిందే నిలుస్తుంది."

"అంటే ఓడినట్టేగా! నా వైపున్న ముగ్గురూ ఎవరండీ?"

"చెప్పరు. కారణాలూ రాయరు."

కాదన్నదెవరో తెలిస్తే కనీసం మనసులో తిట్టుకునేది. ఆ వీలూ లేకపోయింది.

ఖాళీ నిండాక మళ్ళీ వినమని లాయరు అర్జీ పెట్టాడు. కోర్టు ఒప్పుకుంది. అంతవరకు పిల్ల తండ్రి దగ్గర, ఆదివారాలు మాత్రం పిన్నికి.

పొద్దున్నే జడ వేయడానికి పిల్ల లేదు. ఇంట్లో ఉండలేక, షట్టర్ తీయకముందే దుకాణం ముందు నిలబడేది. "ఏమ్మా, కొట్టు నీ పేర రాయించుకున్నావా?" అనేవాడు యజమాని. నవ్వేది. రోజూ పేపర్లో కొత్త జడ్జి కబురు కోసం వెతికేది.

మొదటి ఆదివారాల్లో పిల్ల కొంగు వదిలేది కాదు. నాలుగో నెలకి, ఆట అయ్యేదాకా పిన్నే కాచుకోవాల్సి వచ్చింది. ఏడో నెలలో ఆ ఇంట్లో బాబు పుట్టాడు.

"నన్ను చూస్తేనే వీడు ఏడుపాపుతాడు, తెలుసా పిన్నీ!" అంది పిల్ల, వాళ్ళ అరుగు మీద వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని. "మళ్ళీ కోర్టుకెళ్తే నన్నూ అడుగుతారా?" అంది.

"అడిగితే ఏం చెప్తావు?"

పిల్ల తమ్ముడి కాలివేళ్ళు ఒక్కొక్కటే సవరించింది. "నువ్వు ఏడవవు కదా?" అంది.

ఆ తర్వాతి వారమే లాయరు ఫోన్ చేశాడు. "ఏడో జడ్జి వచ్చేశారమ్మా! ఈయన మన వైపే మొగ్గుతారు, చూడండి."

"వద్దండీ. అర్జీ వెనక్కి తీసుకుందాం."

"ఇన్నాళ్ళు ఎదురుచూసి ఇప్పుడా?"

"అది అక్కడ ఇప్పుడిప్పుడే కుదురుకుంది. మళ్ళీ పెకలించలేను."

సంతకం పెట్టి బయటికొచ్చింది. చేసింది మంచో చెడో తేలలేదు. చెప్పుకోవడానికి మనిషీ లేదు.

ఆదివారం గుమ్మంలోనే పిల్లకు చెప్పేసింది, "ఇక కోర్టు లేదమ్మా" అని. పిల్ల ఒక్క ఉదుటున ఆమెను వాటేసుకుని, ఆ కబురు చెప్పడానికి లోపలికి పరుగెత్తింది. లోపల నవ్వులు వినిపించాయి. వెనక్కి వెళ్ళిపోదామా అనుకుంటుండగా బావ భార్య బయటికొచ్చింది.

"అక్కడే నిలబడ్డావేం? లోపలికి రా అక్కా."

అంతవరకు పిన్నిని అక్కా అని ఎవరూ పిలవలేదు. లోపలికెళ్ళి కూర్చుంది. పిల్ల తమ్ముణ్ణి జోకొట్టి, నిద్రపుచ్చి, ఆమె పక్కకు వచ్చేసరికి చాలాసేపు పట్టింది.